తిరగని బండికి సర్వీస్ ఎప్పుడు? హనుమకొండలో ఏడు నెలలు నిలబడ్డ ఒక మోటర్‌హోమ్ కేస్

2025 మే మూడో వారంలో వర్క్‌షాపుకు వచ్చిన బండి ఇది. డీజిల్ మోటర్‌హోమ్, వయసు నాలుగేళ్ల మూడు నెలలు, మీటరు మీద 19,600 కిలోమీటర్లు. చివరి సర్వీస్ 2024 మార్చిలో, 17,300 దగ్గర జరిగింది. పద్నాలుగు నెలల్లో తిరిగింది 2,300 కిలోమీటర్లే. అక్టోబరులో బొగత జలపాతం దాకా వెళ్లొచ్చాక హనుమకొండలో ఇంటి పక్క ఖాళీ ప్లాటులో పెట్టేశారు. నీడ లేదు. పడమటెండంతా కుడివైపు గోడ మీదే.

యజమాని చెప్పిన ఇబ్బందులు నాలుగు. ఫ్యాన్లు, లైట్లు మాత్రమే వేసినా రాత్రి రెండింటికల్లా ఇన్వర్టర్ కూత పెడుతోంది. నల్లా తిప్పితే నీళ్లు వాసనొస్తున్నాయి. వెనుక మంచం మీద కుడి మూలలో బూజు వాసన. బ్రేకు తొక్కితే బండి ఎడమకు లాగుతోంది. "బండి తిరుగనే లేదు గదన్నా, సర్వీస్ ఎందుకని ఊకున్న" అన్నారాయన. మోటర్‌హోమ్ ఉన్నవాళ్లు చాలామంది అనుకునేది అదే. ఈ బండిలో దొరికిన చాలా లోపాలకు మూలం కూడా అదే.

మోటర్‌హోమ్ అంటే ఒక బండి, దాని మీద ఒక ఇల్లు. బండి భాగం కొంతవరకు కిలోమీటర్ల లెక్కన అరుగుతుంది. ఇంటి భాగం మాత్రం నెలల లెక్కన పాడవుతుంది. పైకప్పు అతుకులు మూసే సీలెంటు, బ్యాటరీ నీళ్లు, ట్యాంకులో నిలవ, గ్యాస్ ట్యూబు, వీటిలో ఏదీ మీటరు చూసి పాతబడదు. బండి భాగానికైనా కంపెనీ పుస్తకంలో "ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది" అనే ఉంటుంది. ఆ రెండో సగాన్ని ఎవరూ చదవరు.

ముందు పైకప్పు

మే నెలలో వచ్చిన బండికి ఇంజిన్ కన్నా ముందు పైకప్పు చూడాలి. జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె వస్తుంది. వానలు మొదలయ్యాక కప్పు విప్పే వీలుండదు, తడి ఆరదు.

పిన్నుల తేమ మీటరుతో లోపలి గోడలు, సీలింగు అంతా అడుగుకొకచోట కొలిచాం. ప్లైవుడ్ ప్యానెల్‌లో 15 శాతం లోపు ఉంటే భయం లేదు. 15–20 మధ్య ఉంటే ఆ చోట గుర్తు పెట్టి నెల తర్వాత మళ్లీ చూడాలి. 20 దాటితే విప్పాల్సిందే. ఈ బండిలో అన్నిచోట్లా 11–13 వచ్చింది, మంచం పైన కుడి మూలలో మాత్రం 28. ఎండాకాలం నడుమ 28 ఉందంటే నీళ్లు కిందటి వానలవి. ప్యానెల్ లోపలి ఫోమ్ వాటిని స్పాంజిలా పట్టి ఉంచింది.

నీళ్లు కనిపించిన చోటే కప్పు కారుతుందని అనుకోకూడదు. ఈ బండిలో తడి మూలకు, అసలు కన్నానికి మధ్య దాదాపు రెండడుగుల దూరం ఉంది. వెంట్ ఫ్యాన్ ఫ్రేము వెనుక అంచున, సోలార్ ప్యానెల్ బ్రాకెట్ స్క్రూలు రెండింటి చుట్టూ సీలెంటు వేలితో లాగితే తొక్కలా ఊడొచ్చింది. బాడీ కట్టినప్పుడు మామూలు బాత్రూమ్ సిలికాన్ వేశారు. దాని మీదే ఎవరో మళ్లీ ఇంకో పొర వేశారు. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ అంటదు, పైకి నిండుగా కనిపిస్తుందంతే. అదీగాక మన ఎండకు కప్పు కాళ్లు కాలేంత వేడెక్కి, రాత్రికి చల్లబడుతుంది. అల్యూమినియం ఫ్రేము, ఫైబర్ షీటు ఒకే కొలతలో సాగవు. రోజూ ఆ లాగుడంతా పడేది సీలెంటు మీదే.

చేసిన పని ఇదీ. వెంట్ ఫ్రేమును పూర్తిగా విప్పి, పాత సిలికాన్‌ను ప్లాస్టిక్ బ్లేడుతో గీకేశాం. ఇనుప బ్లేడు పెడితే ఫైబర్ మీద గీతలు పడి అక్కడే మళ్లీ కారుతుంది. సిలికాన్ రిమూవర్ రాసి తుడిచి, చివరికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేశాం. ఫ్రేము అంచు కింద 3 మిల్లీమీటర్ల మందం బ్యూటైల్ టేపు (మెత్తటి జిగురు రబ్బరు పట్టీ) పరిచి, స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలను ఎదురెదురుగా, చేతి స్క్రూడ్రైవరుతోనే బిగించాం. డ్రిల్లు మెషీన్‌తో బిగిస్తే టేపు ఒకేచోట నలిగిపోతుంది. బ్యూటైల్ నెమ్మదిగా అణుగుతుంది కాబట్టి 24 గంటల తర్వాత ప్రతి స్క్రూను ఇంకోసారి బిగించాలి. ఆ తర్వాతే అంచుల మీదా, స్క్రూ తలల మీదా పాలీయురేథేన్ సీలెంటు. దీన్ని పొద్దున ఎనిమిది లోపు పూశాం, కాలే కప్పు మీద పూస్తే అడుగున బుడగలొస్తాయి. ఈ సీలెంటు గాలిలో తేమ పీల్చుకుని గట్టిపడుతుంది, రోజుకు సుమారు 2–3 మిల్లీమీటర్ల లోతు వరకు. మే గాలి పొడిగా ఉంటుంది గనుక ఇంకా నిదానం. అందుకే నీళ్ల పరీక్షకు మూడు రోజులు ఆగాం.

లోపలివైపు 60×40 సెంటీమీటర్ల ముక్క కోసి చూస్తే ప్లైవుడ్ పొరలు విడిపోయి ఉన్నాయి. ఫోమ్ ముద్దైంది. రెండూ తీసేసి, చుట్టూ ఉన్న చెక్క 14 శాతానికి దిగేదాకా తొమ్మిది రోజులు ఫ్యాను పెట్టి ఆరబెట్టాం. తర్వాత 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై వేశాం. తడి ఉండగానే మూసేస్తే ఆర్నెల్లలో మళ్లీ అదే వాసన.

నీళ్ల పరీక్షకు ప్రెషర్ వాషర్ వాడకూడదు, అది మంచి సీలును కూడా చింపుతుంది. మామూలు పైపుతో దిగువ నుంచి మొదలుపెట్టి, ఒక్కో జాయింటు దగ్గర పదిహేను నిమిషాలు నీళ్లు వదులుతూ పైకి పోవాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు ఏ జాయింటులో దిగాయో తెలియదు.

బ్యాటరీలు

మంచం కింద పెట్టెలో 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీలు రెండు, సమాంతరంగా కలిపి ఉన్నాయి. ముందు రెంటినీ విడదీయాలి. కలిపి ఉంచి కొలిస్తే చెడ్డది మంచిదాని వెనుక దాక్కుంటుంది. మూతలు తీస్తే రెండో బ్యాటరీలో ప్లేట్ల పైఅంచు బయటపడి ఉంది. ఇలాంటప్పుడు గీత దాకా నింపేయకూడదు. ప్లేట్లు మునిగే మట్టుకు డిస్టిల్డ్ వాటర్ పోసి, ఛార్జింగు పెట్టి, అది నిండాకే గీత దాకా పోయాలి. ముందే నింపితే ఛార్జింగులో పొంగి యాసిడ్ పోతుంది.

24 గంటల ఛార్జింగు, 12 గంటల విరామం తర్వాత, యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరుతో చూశాం. మొదటి బ్యాటరీ సెల్లులన్నీ 1.235 దగ్గర, వోల్టేజి 12.48. రెండోదానిలో ఐదు సెల్లులు 1.220, ఒకటి 1.120, వోల్టేజి 12.29. చాలామంది పొరబడేది ఇక్కడే. ఎక్కడ చూసినా కనిపించే పట్టికలో నిండు బ్యాటరీ అంటే 12.7 అని ఉంటుంది. మన దగ్గర ఇన్వర్టర్‌కు దొరికే ట్యూబులర్‌లను సాధారణంగా 1.240 సాంద్రత యాసిడ్‌తో నింపుతారు కాబట్టి నిండుగా ఉన్నా 12.5 దగ్గరే ఆగుతుంది. అంటే మొదటిది పోలేదు. రెండోదాన్ని మాత్రం ఒక్క సెల్లు ముంచింది. సమాంతరంగా ఉన్నంతకాలం ఆ సెల్లు మంచిదాన్ని కూడా రాత్రంతా కిందికి లాగింది.

నీళ్లు ఎందుకు ఆవిరయ్యాయంటే, సోలార్ కంట్రోలర్‌కు ఉష్ణోగ్రత సెన్సారు లేదు. ఫ్లోట్, అంటే బ్యాటరీ నిండాక కూడా ఇస్తూ ఉండే వోల్టేజి, 13.8 దగ్గర స్థిరంగా పెట్టి ఉంది. మధ్యాహ్నం బ్యాటరీ పెట్టెలో వేడి 46 డిగ్రీలు. ఇలాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి సెల్లుకు సుమారు 3 మిల్లీవోల్టుల చొప్పున ఫ్లోట్ తగ్గించాలి. ఆరు సెల్లులకు 21 డిగ్రీల లెక్కన దాదాపు 0.38 వోల్టు. అంటే 13.4 చాలిన చోట నెలల తరబడి 13.8 తోసింది. బండి నిలబడి ఉన్నంతసేపూ బ్యాటరీ ఉడుకుతూనే ఉంది. పైగా ఇన్వర్టర్ స్విచ్ ఆపలేదు. ఏ లోడూ లేకుండానే అది 0.9 ఆంపియర్ తాగుతోంది, పద్నాలుగు గంటల చీకటికి 12–13 ఆంపియర్ అవర్లు.

పాతదాని పక్కన కొత్తదాన్ని కలపడం డబ్బు దండగ, ఏడాదిలో రెండూ పాతవవుతాయి. అందుకని జతగా రెండూ కొత్తవి వేశాం. బాగున్న పాతదాన్ని ఇంటి ఇన్వర్టర్‌కు పెట్టుకోమన్నాం. కంట్రోలర్‌కు సెన్సారు వైరు తగిలించాం. పెట్టె మూతకు బయటికి గాలి పోయే గొట్టం లేదు, అది అమర్చాం. ట్యూబులర్ బ్యాటరీ ఛార్జింగులో హైడ్రోజన్ వదులుతుంది, దాన్ని మంచం కింద మూసి పెట్టడం ప్రమాదం. సోలార్ ప్యానెళ్లు కడిగితే, అదే గంటలో అదే లోడు మీద కరెంటు 11 ఆంపియర్ల నుంచి 17కు పెరిగింది. వరంగల్, కరీంనగర్ వైపు క్వారీ దుమ్ము సన్నగా ఉంటుంది, వానకు కొట్టుకుపోదు, మంచుతో కలిసి అట్టకడుతుంది. ఎండెక్కక ముందు మెత్తటి గుడ్డతో కడగాలి.

నీళ్లు

120 లీటర్ల ట్యాంకులో అక్టోబరులో నింపిన బోరు నీళ్లు 30 లీటర్ల దాకా మిగిలి ఉన్నాయి. అడుగున జిగురు, పంపు ముందున్న జాలీలో తెల్లటి ఉప్పు పెచ్చులు. 10 లీటర్ల గీజర్‌లో మెగ్నీషియం రాడ్డు తీగ మిగిలేదాకా అరిగిపోయింది. ఆ రాడ్డు పోయాక నీళ్లు గీజర్ ట్యాంకు ఇనుమును తింటాయి. బోరు నీళ్లు పోసే బండికి దాన్ని ఏడాదికి కాదు, ఆర్నెల్లకోసారి విప్పి చూడాలి. నాలుగింట మూడొంతులు అరిగితే మార్చాలి.

ముందు ఉప్పు, తర్వాత క్రిములు, ఈ వరస తప్పకూడదు. 30 లీటర్ల నీళ్లలో 600 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలిపి ట్యాంకులో పోసి, కాజీపేట దాకా ఒక చుట్టు తిప్పి తెస్తే ఆ కుదుపుకే గోడలు శుభ్రపడతాయి. ఖాళీ చేసి, రెండుసార్లు నిండా నింపి వదిలేయాలి. యాసిడ్ మిగిలి ఉండగా బ్లీచ్ పోస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మూసిన బండిలో అది ప్రాణాంతకం.

తర్వాత లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ అందేలా, 120 లీటర్లకు 4 శాతం సోడియం హైపోక్లోరైట్ 150 మిల్లీలీటర్లు. సువాసన కలిపిన రకం వద్దు. సీసా మీద తయారీ తేదీ చూడాలి, ఎండకు ఉన్న హైపోక్లోరైట్ బలం తగ్గిపోతుంది. వాటర్ ఫిల్టర్ కార్ట్రిడ్జి ముందే తీసేసి, ప్రతి నల్లానూ క్లోరిన్ వాసన వచ్చేదాకా తెరిచి, నాలుగు గంటలు అలా ఉంచాలి. మళ్లీ రెండుసార్లు కడగాలి. ఇకనుంచి ప్రతి ప్రయాణం తర్వాత ట్యాంకు, గీజర్, పైపులు ఖాళీ చేసి నల్లాలు తెరిచి ఉంచమన్నాం. రెండు వారాలు మించి నిలవుంటే మాత్రం క్లోరిన్ వేయకుండా వాడొద్దు.

టాయిలెట్ క్యాసెట్ (మలం చేరే, బయటికి తీసే డబ్బా) రబ్బరు సీలు ఉబ్బిపోయింది. కారణం ఫినాయిల్, బాత్రూమ్ యాసిడ్. ఇంట్లో పనికొచ్చేవి ఇక్కడ రబ్బరును తింటాయి. కొబ్బరినూనె, వ్యాసలీన్ కూడా రాయకూడదు, సిలికాన్ గ్రీజే రాయాలి.

గ్యాస్

అన్నింటికన్నా కలవరపెట్టింది ఇదే. వంట గట్టు కింద సిలిండరు పెట్టే అరకు, గ్యాస్ బయటికి పోవడానికి నేలలో కన్నం ఉంటుంది. దుమ్ము, దోమలు వస్తున్నాయని దాన్ని గుడ్డతో కుక్కేశారు. గుడ్డ వెనుక కందిరీగలు మట్టిగూడు కట్టాయి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, కారితే కిందికి దిగి అక్కడే పేరుకుంటుంది. ఆ కన్నం మూసేస్తే సిలిండరు అరే గ్యాస్ నిలిచే గిన్నె అయిపోతుంది. ఇంకో తప్పు, గ్యాస్ అలారం సీలింగుకు బిగించి ఉంది. పొగ అలారం పైన ఉండాలి, ఎల్‌పీజీ అలారం నేలకు 20–30 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. దాన్ని కిందికి దించాం. కన్నానికి గుడ్డ తీసి స్టీలు జాలీ వేశాం, దోమా రాదు, గ్యాసూ ఆగదు.

రబ్బరు ట్యూబు మీద ముద్రించిన సంవత్సరం చూసి, ఐదేళ్లు నిండేలోపు మార్చాలి. దీనికి ఇంకా కొంత గడువున్నా, రెగ్యులేటరు దగ్గర మడత పడి పగుళ్లు కనిపించాయి కాబట్టి మార్చేశాం. సబ్బు నురగ పరీక్ష ప్రతి జాయింటుకూ చేయాలి, రెగ్యులేటరు తెరిచి, పొయ్యి నాబ్ మూసి.

బండి భాగం

ఎడమకు లాగుడుకు కారణం కుడి ముందు చక్రంలో ఉంది. బ్రేకు ప్యాడ్లను నొక్కే కాలిపర్ జరగడానికి ఉండే పిన్ను, బండి నిలబడి తుప్పు పట్టి, కదలడం లేదు. కుడివైపు పట్టు తగ్గి ఎడమవైపే ఎక్కువ పట్టుకుంటోంది. పిన్నులు శుభ్రం చేసి, బ్రేకు గ్రీజు పెట్టి, కొత్త రబ్బర్లు వేశాం. బ్రేక్ ఆయిల్ నాలుగేళ్లుగా మార్చలేదు, పరీక్ష పరికరంలో తేమ 3 శాతం దాటింది. ఘాటు దిగేటప్పుడు తేమ పట్టిన ఆయిల్ మరిగి పెడల్ లోపలికి పోతుంది. రెండేళ్లకోసారి మార్చాలి, తిరిగినా తిరగకపోయినా.

ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు మార్చాం. డీజిల్ ఫిల్టర్ అడుగు నుంచి 80 మిల్లీలీటర్ల నీళ్లు దిగాయి. సగం ఖాళీ ట్యాంకుతో నిలబెట్టిన ఫలితం అది, నిలిపేటప్పుడు ట్యాంకు నిండా ఉండాలి. డీఈఎఫ్ (డీజిల్ పొగను శుద్ధి చేయడానికి వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రవం) వాడే బండ్లకు ఒక మాట. ఆ ద్రవం 30 డిగ్రీల్లో ఏడాది, 35లో ఆరు నెలలే నిలుస్తుంది. అక్టోబరులో పోసింది మేకు పనికిరాదు. తీసేసి కొత్తది పోశాం.

వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసే అలవాటు మానాలి. ఇంజిన్ వేడెక్కదు, లోపల తేమ, మసి మిగులుతాయి. రెండు వారాలకోసారి ములుగు రోడ్డు మీద అరగంటకు తగ్గకుండా ఒకే వేగంతో నడపడం మేలు. బ్రేకులు, ఏసీ, టైర్లు కూడా అప్పుడే కదులుతాయి.

టైర్ల గోడ మీద 4120 అని ఉంది, అంటే 2020లో 41వ వారం. తొక్క ఇంకా 6 మిల్లీమీటర్లుంది గానీ పడమటెండ తగిలే కుడివైపు వాటికి పక్క గోడ మీద పగుళ్లు. కుడివైపు ఆ రెండూ మార్చాం. మిగిలినవి 2026 అక్టోబరుకు ఆరేళ్లు నిండుతాయి, అంతకు మించి వాడకూడదు. నిండు ట్యాంకుతో కాంటాకెక్కిస్తే వెనుక యాక్సిల్ మీద, బండి ప్లేటు మీద కంపెనీ రాసిన పరిమితికన్నా 110 కిలోలు ఎక్కువ చూపింది. నీళ్లు 40 లీటర్లకు తగ్గిస్తే 80 కిలోలు, డిక్కీలో పోగైన సామాను మరో 35 కిలోలు. దానితో సరిపోయింది. లక్నవరంలోనో రామప్పలోనో నీళ్లు దొరుకుతాయి, హనుమకొండ నుంచి మోసుకుపోనక్కర్లేదు.

ఈ బండికి రాసిచ్చిన గడువులు

ఏడాదిలో రెండు పెద్ద తేదీలు. ఒకటి రోహిణి కార్తె మొదలయ్యేలోపు, అంటే మే 25కు ముందు: కప్పు సీలెంటు, తేమ మీటరు, వైపర్లు, తలుపు రబ్బర్లు, ఏసీ డ్రెయిన్ పైపు. రెండోది దసరా. ఎలాగూ బండి కడిగి పూజ చేస్తారు, ఆ వారంలోనే తేమ మళ్లీ కొలిచి, గీజర్ రాడ్డు విప్పి, ట్యాంకు శుద్ధి చేసి, ఇంజిన్ ఆయిల్ మార్చాలి.

ఎండాకాలంలో నెలకోసారి, మిగతా రోజుల్లో రెండు నెలలకోసారి బ్యాటరీ నీళ్లు. మూడు నెలలకోసారి కరెంటు లీకేజీ బ్రేకర్ టెస్ట్ బటన్, గ్యాస్ అలారం బటన్, సబ్బు నురగ. ఫంక్షన్ హాలు సాకెట్ల నుంచి కరెంటు తీసుకునేవాళ్లు ఆ బ్రేకర్ బటన్ ప్రతిసారీ నొక్కాలి, అక్కడ ఎర్తింగ్ ఉందన్న నమ్మకం లేదు. టైర్ల గాలి ప్రతి ప్రయాణానికి ముందు, చల్లగా ఉన్నప్పుడే. చక్రం విప్పి బిగించాక 50–100 కిలోమీటర్ల దగ్గర నట్లు మళ్లీ బిగించాలి.

అక్టోబరు తనిఖీ

దసరా తర్వాత బండి మళ్లీ వచ్చింది. మంచం పైన మూలలో తేమ 13, మిగతా చోట్ల 12–14. కొత్త బ్యాటరీ సెల్లులన్నీ 1.235–1.240 మధ్య ఉన్నాయి, నాలుగున్నర నెలల్లో రెంటికీ కలిపి అర లీటరు డిస్టిల్డ్ వాటర్ పట్టింది. గీజర్‌లో కొత్త రాడ్డు అప్పుడే నాలుగో వంతు అరిగింది. బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉన్నాయో దాన్నిబట్టే తెలుస్తుంది. ట్యాంకుకు మిషన్ భగీరథ నల్లా నీళ్లే పట్టమన్నాం. ఎడమ వెనుక టైరు గోడ మీద సన్నటి పగుళ్లు మొదలయ్యాయి, అది మాత్రం ఆరేళ్ల గడువు దాకా ఆగదు.

2026 జనవరి 28 నుంచి 31 వరకు మేడారం జాతర. ఈ కుటుంబం బండితోనే వెళ్తోంది. తాడ్వాయి దాటాక దుమ్ము మామూలుగా ఉండదు. బయల్దేరేముందు ఆ టైరు మార్చాలి, కొత్త ఎయిర్ ఫిల్టర్ ఒకటి బండిలో పెట్టుకోవాలి. వచ్చాక వారంలోపు ఎయిర్ ఫిల్టర్, ఏసీ జాలీలు, ఫ్రిజ్ వెనుక గాలి రంధ్రాలు, గ్యాస్ అర జాలీ శుభ్రం చేయాలి. ఫిబ్రవరి మొదటి వారం అని కార్డులో రాసి ఇచ్చాం.